పోయిన థ్రెడ్‌కు ఉక్కు చుట్ట

ఇంజిన్ పైన మూతలా ఉండే వాల్వ్ కవర్ బోల్టు బిగిస్తుంటే చేతిలో పానా ఉన్నట్టుండి తేలికైపోతుంది. బోల్టు తిరుగుతూనే ఉంటుంది గానీ బిగుసుకోదు. వెనక్కి తీసి చూస్తే దాని మరల మధ్య వెండి రంగు తీగలాంటిది చుట్టుకుని వస్తుంది. అది ఇంజిన్ హెడ్‌లో ఉండాల్సిన అల్యూమినియం థ్రెడ్. హెడ్ మార్చాలేమోనని టెన్షన్ పడనక్కర్లేదు. ఆ రంధ్రాన్ని ఇంట్లోనే మునుపటికన్నా గట్టిగా చేసుకోవచ్చు.

అసలు థ్రెడ్ ఎందుకు పోతుంది? బిగించే కొద్దీ ఉక్కు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. తిరిగి పొట్టి కావాలని అది లాగే బలమే కవర్‌ను అదిమి పెడుతుంది. 6 మి.మీ. బోల్టుకు మామూలుగా 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. అంటే 10 సెం.మీ. పానా చివర 10 కిలోల బలం పెట్టినట్టు. అంతమాత్రానికే బోల్టులో 800 కిలోలకు పైగా లాగుడు పుడుతుంది! నిజానికి మన శ్రమలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, సాగదీసేది మిగిలిన 10 శాతమే. అందుకే పొడి బోల్టుకు చెప్పిన లెక్కతో ఆయిల్ అంటిన బోల్టును బిగిస్తే ముప్పు. రాపిడి తగ్గి బోల్టు ఇంకా సాగుతుంది, మెత్తటి అల్యూమినియం తట్టుకోలేదు. పైగా మరలన్నీ బరువును సమానంగా పంచుకోవు. మొదటి మర ఒక్కటే సుమారు మూడో వంతు మోస్తుంది. అది తెగితే ఆ భారం రెండోదాని మీద పడుతుంది, తర్వాత మూడోదాని మీద.

రిపేరుకు వాడేది హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట. తీగను అడ్డంగా కోస్తే డైమండ్ ఆకారం కనిపిస్తుంది కాబట్టి చుట్టకు లోపలా బయటా మరలే. 6 మి.మీ. బోల్టయితే పాత రంధ్రాన్ని 6.3 మి.మీ. బిట్టుతో పెద్దది చేసి, హెలికాయిల్ కిట్‌లో వచ్చే ప్రత్యేకమైన ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) కొత్త మరలు కోయాలి. నా దృష్టిలో కష్టమంతా బిట్టును నిటారుగా నిలపడంలోనే ఉంది. అది ఒరిగితే బోల్టూ ఒరుగుతుంది. లోతు దాటకుండా బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతుంటే లోహపు పొట్టు తెగి బయటికొస్తుంది. రంధ్రం శుభ్రం చేశాక చుట్టను పైఅంచు కన్నా పావు నుంచి అర చుట్టు కిందికి దిగేదాకా తిప్పి, అడుగున ఉండే చిన్న కొక్కేన్ని విరిచి బయటికి తీసేయాలి. చుట్ట రంధ్రం కన్నా కాస్త పెద్దది, కాబట్టి స్ప్రింగులా విచ్చుకుని తనంతట తానే పట్టుకుంటుంది.

బలం ఎక్కడ పెరిగింది? అల్యూమినియంలో కోసిన కొత్త మరల వ్యాసం ఇప్పుడు 7.3 మి.మీ. అంటే బరువు మోసే చోటు ఐదో వంతుకు పైగా పెరిగింది. తీగ కొద్దిగా వంగుతుంది కాబట్టి భారం మరల మధ్య మునుపటికన్నా సమంగా సర్దుకుంటుంది. ఎపాక్సీ ముద్ద నింపి థ్రెడ్ తెప్పించే పద్ధతి మీద మాత్రం నాకు నమ్మకం లేదు.

అయితే హెడ్‌ను కింద సిలిండర్లుండే బ్లాకుకు బిగించే పెద్ద బోల్టుల జోలికి ఇంట్లో వెళ్లకండి, అవి మెషిన్ షాపు పని. నీళ్ల దారి, ఆయిల్ దారి పక్కనున్న రంధ్రాలూ అంతే. స్పార్క్ ప్లగ్ థ్రెడ్ పోతే, వీలైతే హెడ్ విప్పాకే డ్రిల్లు పెట్టాలి, లేకుంటే పొట్టు సిలిండర్‌లో పడి గోడలను గీరేస్తుంది.