ఐరేసింగ్ గొడవ అర్థం కావాలంటే 1998 దాకా వెళ్ళాలి

ఐరేసింగ్ అని ఆన్‌లైన్‌లో ఆడే కారు రేసు గేమ్ ఒకటి ఉంది. దాన్ని ఆడాలంటే సబ్‌స్క్రిప్షన్ కట్టాలి, అది కాక చాలా కార్లు విడిగా కొనాలి, ట్రాకులు విడిగా కొనాలి, తీరా కట్టడం మానేస్తే డబ్బులు పోసి కొన్నవి కూడా తెరుచుకోవు. సిమ్ రేసింగ్ (నిజం కారులాగే నడిచే రేసు గేములు) జనాల్లో దీని మీద ఎప్పుడూ ఏదో ఒక రచ్చ నడుస్తూనే ఉంటుంది, దోపిడీ అని కొందరు, ఇంత క్వాలిటీ ఊరికే ఎలా వస్తుంది అని ఇంకొందరు. కానీ ఈ పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడలేదు, దీని వెనక సరిగ్గా అమ్ముడుపోని గేమ్ ఒకటి ఉంది. గ్రాండ్ ప్రి లెజెండ్స్.

అమెరికాలో మసాచుసెట్స్‌లో డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి కలిసి 1987లో పపైరస్ అనే కంపెనీ పెట్టారు. 1989లో ఇండియానాపోలిస్ 500, 1993లో ఇండీకార్ రేసింగ్, 1994లో నాస్కార్ రేసింగ్ (నాస్కార్ అంటే అమెరికాలో జరిగే కారు రేసుల సిరీస్) అనే గేములు వదిలారు. నాస్కార్ బాగా ఆడింది, మరి అలాంటప్పుడు ఎవరైనా అదే లైన్‌లో ఇంకోటి వదులుతారు కదా, వీళ్ళు మాత్రం 1998లో ఏకంగా 1967 ఫార్ములా వన్ సీజన్ పట్టుకుని వచ్చారు, అదే గ్రాండ్ ప్రి లెజెండ్స్.

1967 ఎందుకంటే, ఫార్ములా వన్ కార్లకి రెక్కలు వచ్చింది 1968లో. అంటే 67 కార్లని గాలి కిందకి నొక్కదు, రోడ్డుని పట్టుకుని ఉండేది ఆ సన్న టైర్లు మాత్రమే. ఇంజన్లు చూస్తేనేమో రాక్షసులు, లోటస్ 49 అనే కారులో కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ దాదాపు 400 హార్స్‌పవర్, కారు బరువు 500 కిలోలకి అటూ ఇటూ, అంటే మన మారుతి 800 కన్నా తేలిక, పవర్ దానికి పది రెట్లు! ఇప్పుడు దీన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లో పెట్టారనుకోండి, మొదటి గేర్‌లో ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే అక్కడికక్కడే బొంగరం. సరే మెల్లగా పోదాం అని మలుపులోకి వెళ్ళి, సగంలో భయపడి కాలు తీశారా, బరువంతా ముందుకి తూగి వెనక టైర్లు తేలికైపోయి కారు గిర్రున తిరుగుతుంది. కాలు తియ్యకుండా, అలాగని ఎక్కువ తొక్కకుండా, నాలుగు చక్రాలూ కొంచెం కొంచెం జారుతుండగా పోనివ్వాలి, అప్పటి లోటస్ డ్రైవర్ జిమ్ క్లార్క్ చేసింది అదే. ప్రాక్టీస్‌లో షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే కారు మళ్ళీ సరిగ్గా నిలబడుతుంది, ఆ రెండు కీలు అరిగిపోయేలా నొక్కకుండా నేర్చుకున్నవాడు ఉంటే దండం పెడతా.

ట్రాకులు మొత్తం 11. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో ఒక్క ల్యాపే 22.8 కిలోమీటర్లు, 1967లో క్లార్క్ పోల్ టైమ్ (రేసుకి ముందు క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగమైన ల్యాప్) 8 నిమిషాల 4 సెకన్లు, గేమ్‌లో కొత్తవాళ్ళకి ల్యాప్ పూర్తి చెయ్యడమే పెద్ద పండగ. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో పక్కనే ఇళ్ళు, స్తంభాలు. హోండా, కూపర్ టీముల పేర్లకి హక్కులు దొరక్క మురసమ, కోవెంట్రీ అని పెట్టుకున్నారు, అది వేరే కామెడీ.

మనలో చాలామందికి అప్పట్లో కారు గేమ్ అంటే నెట్ సెంటర్‌లో గంటకింత కట్టి ఆడే రోడ్ రాష్ (అవి బైకులే అనుకోండి), లేదా నీడ్ ఫర్ స్పీడ్. యారో కీలు పట్టుకుని గోడలకి రాసుకుంటూ వెళ్ళిపోవడమే. ఆ అలవాటుతో వచ్చినవాడికి ఈ గేమ్ చుక్కలు చూపించేది, బయటి దేశాల్లో కూడా అదే జరిగింది. పైగా సాఫీగా నడవాలంటే 3డీఎఫ్‌ఎక్స్ లేదా రెండిషన్ గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, స్టీరింగ్ ఉండాలి. రివ్యూలు రాసినవాళ్ళు మెచ్చుకున్నారు, షాపుల్లో మాత్రం కదల్లేదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కొన్న కొద్దిమంది వదల్లేదు. వీరాక్ అని ఒక ఆన్‌లైన్ వేదిక పెట్టుకుని అందులో రేసులు, ల్యాప్ టైములతో ర్యాంకులు, 65 సీజన్ కార్లు, 69 సీజన్ కార్లు, కొత్త ట్రాకులు, అన్నీ అభిమానులే తయారు చేసి ఫ్రీగా పంచుకున్నారు. ఒక్కసారి సీడీ కొని ఇరవై ఏళ్ళు ఆడినవాళ్ళు ఉన్నారు. ఆడేవాడికి ఇంతకంటే ఏం కావాలి, కానీ అసలు గేమ్ తయారు చేసినవాళ్ళకి ఆ సీడీ డబ్బు తప్ప వాళ్ళ నుంచి ఇంకో పైసా కూడా రాలేదు.

పపైరస్ ఆ గేమ్‌ని నడిపే కోడ్‌నే తీసుకుని మళ్ళీ నాస్కార్‌కి వెళ్ళింది, 2001లో నాస్కార్ రేసింగ్ 4, చివరికి నాస్కార్ రేసింగ్ 2003 సీజన్ అనే గేమ్. ఈలోపు నాస్కార్ గేముల హక్కులు మొత్తంగా ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ చేతికి పోయాయి, 2004లో పపైరస్ మూతపడింది. అదే ఏడాది కేమర్, జాన్ హెన్రీ (బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ టీమ్ ఓనర్, తర్వాత లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ కొన్నది కూడా ఆయన గ్రూపే) కలిసి కొత్త కంపెనీ పెట్టి 2003 గేమ్ కోడ్ హక్కులు కొన్నారు. 2008లో బయటికి వచ్చిన ఐరేసింగ్ అక్కడి నుంచి మొదలైందే. ఈసారి సీడీ లేదు, సర్వర్లు వాళ్ళవే, ర్యాంకులు వాళ్ళవే, మోడ్స్ (అభిమానులు సొంతంగా చేసి కలిపే కార్లు, ట్రాకులు) మాట లేదు. గ్రాండ్ ప్రి లెజెండ్స్‌లో అభిమానులు ఫ్రీగా చేసుకున్న పనులన్నీ ఒక్కొక్కటీ బిల్లులోకి ఎక్కాయన్నమాట. కేమర్ పాత దెబ్బ గుర్తుపెట్టుకునే ఇలా కట్టుదిట్టం చేశాడని నా అనుమానం, ఆయన స్థానంలో ఉంటే నేనైనా అదే చేసేవాణ్ణేమో, కట్టేటప్పుడు తిట్టుకోవడం మాత్రం మానను.

తర్వాత లోటస్ 49 కూడా ఐరేసింగ్‌లోకి వచ్చింది, దాన్నీ విడిగానే అమ్మారు.