మందు ఉచితమే, మరి ఎందుకు రారు? ఆసుపత్రికి రావడం, రాకపోవడంపై అపోహలు - వాస్తవాలు

పల్నాడు ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. "జనానికి అవగాహన లేదు, అందుకే రారు" అనే మాట సమావేశాల్లోనూ, బంధువుల ఇళ్ళలోనూ, అప్పుడప్పుడు మా సిబ్బంది నోటా వింటూనే ఉంటాను. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట వింటే బాధేస్తుంది.

అపోహ: వైద్యం ఉచితమైతే అందరూ వస్తారు.

వాస్తవం: మా దగ్గర ఓపీ చీటీకి డబ్బు లేదు, బీపీ, షుగరు మాత్రలకూ లేదు. అయినా సంక్రాంతి దాటి మిరప కోతలు ఊపందుకున్నాయంటే రిజిస్టరులో ఖాళీ గళ్ళు పెరుగుతాయి. మాత్రలు మానేసిన ఒక పెద్దావిడను కాస్త గట్టిగానే అడిగాను. "మందు ఊరికే ఇస్తారు డాక్టరమ్మా, ఆ రోజు కూలి ఎవరిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. ఆవిడ రోజు కూలి, రానూపోనూ ఆటో కిరాయి, తోడు వచ్చే కోడలి కూలి. పైగా ఒక రోజు మానేస్తే ముఠా మేస్త్రీ మరునాడు ఇంకొకరిని పిలుచుకుంటాడన్న భయం. ఇప్పుడు కోతల నెలల్లో బీపీ అదుపులో ఉన్నవారికి రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నాం. పొలం నుంచి తిరిగొచ్చే వేళకు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త వాడలోకి వెళ్ళి బీపీ చూస్తున్నారు. ఖాళీ గళ్ళు పూర్తిగా పోలేదు కానీ తగ్గాయి.

అపోహ: ఆరోగ్యశ్రీ ఉంది కనుక ఖర్చు భయం లేదు.

వాస్తవం: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం గుండె ఆపరేషన్ల వంటి పెద్ద చికిత్సల్లో ఎన్నో ఇళ్ళను అప్పుల నుంచి కాపాడింది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్స కోసం ఏర్పడింది. జబ్బేమిటో తేలేలోగా బయట చేయించే పరీక్షలు, కొనే మందులు, తిరుగుళ్ళు చాలావరకు ఇంటి మీదే పడతాయి.

అపోహ: ఆర్‌ఎంపీ (వైద్య పట్టా లేకుండా ఊళ్ళో వైద్యం చేసే వ్యక్తి) దగ్గరకు వెళ్ళడం మూర్ఖత్వం.

వాస్తవం: రాత్రి పదింటికి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తీసేది ఆయనే. అరువు పెడతాడు, పేరుపెట్టి పలకరిస్తాడు, తిట్టడు. ఆయన ఇచ్చే స్టెరాయిడ్లు, అవసరం లేని యాంటీబయాటిక్‌లు చేసే హాని నేను రోజూ చూస్తున్నాను, దాన్ని సమర్థించను. కానీ మా ఓపీలో ఒక రోగిని కసురుకుంటే ఆ ఇంటివాళ్ళంతా అటే వెళ్తారు. ఈ విషయంలో మారవలసింది ముందు మేమే.

అపోహ: ఆసుపత్రి దగ్గరుంటే చాలు.

వాస్తవం: దూరం ప్రాణాంతకమే, కాదనను. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ఊళ్ళలో నిండు గర్భిణులను డోలీలో మోసుకుని వస్తున్నారు, 108 వాహనం రోడ్డు ఉన్నంతవరకే వెళ్ళగలదు. మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ప్రమాణంలో మధ్యనున్న వాగు లెక్కకు రాదు. అయితే కొన్ని జబ్బులకు దగ్గరితనమే అడ్డు. క్షయ మందులు పక్క వీధిలో దొరుకుతున్నా, ఎవరైనా చూస్తారేమోనని పొరుగు పట్టణానికి బస్సెక్కేవారు ఉన్నారు. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురు ఉన్న తండ్రి భయాన్ని అవగాహన కరపత్రంతో తీర్చలేం.

అపోహ: ఆడవాళ్ళు తమ ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేస్తారు.

వాస్తవం: ఒక యువతి రెండుసార్లు నడుము నొప్పి అని వచ్చి మాత్రలు తీసుకెళ్ళింది. మూడోసారి అత్తగారిని బయట కూర్చోబెట్టి అడిగితే, ఏడాదిగా తెల్లబట్టతో బాధపడుతున్నానని చెప్పింది. ఆమె నిర్లక్ష్యం చేయలేదు, చెప్పుకునే చోటు దొరకలేదు. గదికి ఒక తెర కట్టించడానికి ఖర్చు ఎంతవుతుంది?

అపోహ: ఎక్కువమంది ఆసుపత్రికి వస్తున్నారంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు అన్ని కాన్పులూ ఆసుపత్రుల్లోనే. అది గొప్ప విజయం. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశమంతటా కలిపి 21.5 శాతం. సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మంచి ముహూర్తం, నొప్పుల భయం, కొన్ని ఆసుపత్రుల లాభాపేక్ష, ఇవన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. అందుకే నొప్పులు ఎలా మొదలవుతాయో, ఎంతసేపు ఉంటాయో ఏడో నెల నుంచే గర్భిణితోనూ ఆమె తల్లితోనూ కూర్చుని మాట్లాడుతున్నాం. తొమ్మిదో నెలలో వాళ్ళు ముహూర్తం చీటీ తెచ్చాక మొదలుపెడితే ఆ మాటలు వినే ఓపిక ఎవరికీ ఉండదు.