కోతకు ముందే ఇచ్చే మందు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

తాతగారికి మోకీలు మార్చిన రోజు, గాయమే లేనప్పుడు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎందుకని మీరు ఫోనులో అడిగారు. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఏళ్ల తరబడి ఆ మందు కలిపినదాన్ని కనుక వివరంగా రాస్తున్నాను.

మన చర్మం మీద స్టెఫైలోకాకస్ జాతి సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. ఎంత తుడిచినా అన్నీ పోవు. మామూలు గాయంలో పడితే తెల్లరక్తకణాలు చాలావరకు వాటి పని పడతాయి. కొత్త కీలు లోహమూ ప్లాస్టిక్కూ కావడంతో దానిలో రక్తం పారదు. దానిపై చేరిన క్రిములు, నీళ్ల తొట్టి గోడకు పాచి పట్టినట్లు, జిగట పొర అల్లుకొని అందులో దాక్కుంటాయి. ఆ పొర ముదిరితే మందులు సరిగా పనిచేయవు, ఒక్కోసారి అమర్చిన కీలునే తీసేయవలసి వస్తుంది. అందుకే కత్తి తగిలే క్షణానికే చుట్టూ ఉన్న కండలోనూ ఎముకలోనూ మందు ఉండాలి.

సాధారణంగా వాడేది సెఫజోలిన్. సీసాలోని తెల్లటి పొడిలో నీళ్లు ఎక్కించి, పలుకు లేకుండా కరిగేదాకా కుదిపి, పెద్దవారికి 2 గ్రాములు కోతకు ముందు 60 నిమిషాల లోపల నరంలోకి ఇస్తాము. మోకాలికైతే, తొడకు కట్టిన పట్టీలో గాలి నింపి రక్తప్రసారం ఆపకముందే మందు వెళ్లాలి, లేకుంటే అది మోకాలిని చేరదు. ఒకసారి మందు ఇంకా ఎక్కకుండానే పట్టీ బిగించబోతుంటే ఆగమన్నాను. పెద్ద డాక్టరుగారు ఒక్క మాట అనకుండా గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ మర్యాదను నేను మరచిపోలేదు. ఆపరేషన్ 4 గంటలు దాటితే మరో మోతాదు ఇస్తాము.

మందొక్కటే చాలదు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో తుంటి కీళ్లు మార్చే సర్జన్ జాన్ ఛార్న్‌లీ 1960లలో థియేటరు గాలిని వడగట్టి, నూటికి సుమారు ఏడుగురికి సోకే చీమును ఒకరి లోపుకు తగ్గించారు. తాతగారి చక్కెర అదుపులోకి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేసినదీ చీము పట్టకూడదనే.

ఇంటికొచ్చాక మాత్రలు రాయలేదని మీ అమ్మ కంగారుపడింది. కోత కుట్టేశాక రోజుల తరబడి మందు వాడినా అదనపు రక్షణ ఉండదు, మందుకు లొంగని క్రిములు మాత్రం పెరుగుతాయి. మోకాలు ఎర్రబడినా, కట్టు తడిసినా, షాపులో మాత్రలు కొనవద్దని, అవి పడితే కీలులోని నీటి పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చని, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుగారికే చూపించాలని అమ్మకు చెప్పండి.

మీ అమ్మమ్మ