బండిలో వైర్‌లెస్ సెట్ ఎందుకు గోల పెడుతుంది?

1887లో జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ ప్రయోగశాలలో రేడియో తరంగాలు పుట్టింది విద్యుత్ రవ్వ నుంచే. పెట్రోలు ఇంజిన్‌లోని ప్రతి స్పార్క్ ప్లగ్ కూడా తెలియకుండానే ఆ పని చేస్తుంటుంది. అంటే వైర్‌లెస్ సెట్ పెట్టుకున్న కారు బానెట్ కింద ఇంకో ట్రాన్స్‌మిటర్ నడుస్తున్నట్టే. కాబట్టి గరగర వినగానే సెట్టును రిపేరుకు పంపకండి, ముందు ఆ చప్పుడును శ్రద్ధగా వినండి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 30 రవ్వలు పడతాయి. అది టకటకమని వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే టకటకలు దగ్గరై బర్రుమంటాయి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు గనుక అక్కడ ఇంజెక్టర్ల వైరింగును అనుమానించాలి.

ఇంజిన్ వేగంతో పాటు గొంతు పెంచే సన్నని కూత వేరు. అది ఆల్టర్నేటర్‌ది, అంటే ఇంజిన్ తిప్పితే బ్యాటరీని చార్జ్ చేసే జనరేటర్‌ది. 12 ధ్రువాలున్న మూడు ఫేజుల ఆల్టర్నేటర్ ఒక చుట్టు తిరిగితే కరెంటులో 36 చిన్న అలలు వస్తాయి. ఇంజిన్ నిమిషానికి 1000 చుట్ల దగ్గర ఉండి, పుల్లీ ఆల్టర్నేటర్‌ను దానికి రెండున్నర రెట్లు వేగంగా తిప్పితే ఆ కూత సుమారు 1500 హెర్ట్జ్. మాట వినే చెవికి సరిగ్గా అడ్డుపడే స్థాయి అది. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా పెరుగుతుంది. ఒక్కోసారి మనకేమీ వినబడదు, అవతలివాళ్లకు మాత్రం మన మాట వెనక కూత వినిపిస్తుంది. వాళ్లు చెబితే నమ్మండి.

అన్నిటికంటే విలువైన పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసేసే ఏర్పాటు) తెరిచి, సెట్ వెనక యాంటెన్నా కేబుల్ ఊడదీయండి. చప్పుడు మాయమైతే అది యాంటెన్నా దారిన వస్తోంది. అలాగే ఉంటే కరెంటు తీగ వెంట వస్తోందన్నమాట. యాంటెన్నా లేనప్పుడు మాట్లాడే బటన్ మాత్రం నొక్కకూడదు, సెట్‌లోని పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

ఇంజిన్ ఆపినా గోల ఆగకపోతే ఫోన్ చార్జర్, డాష్‌క్యామ్, ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే పీకి చూడండి. చౌక చార్జర్లు సెకనుకు లక్షలసార్లు కరెంటును ఆపి వదులుతుంటాయి. ఆ వేగానికి రెట్లుగా పుట్టే అలలు వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ రేడియో పట్టీ) దాకా ఎగబాకుతాయి. నా లెక్కలో ఈ రోజుల్లో మొదట అనుమానించాల్సింది వీటినే.

ఎఫ్‌ఎం సెట్టు గోల వల్ల తరంగం ఎత్తులో వచ్చే మార్పులను కోసేస్తుంది కాబట్టి దగ్గరి స్టేషన్ మాట శుభ్రంగానే వస్తుంది. దూరం పెరిగి సిగ్నల్ సన్నబడ్డప్పుడే గోలది పైచేయి. అందుకే పరీక్ష కూడా బలహీనమైన సిగ్నల్‌తోనే చేయాలి.

తీగ దారిన వచ్చే కూతకు, సిగరెట్ లైటర్ సాకెట్ వదిలేసి మందమైన తీగలను నేరుగా బ్యాటరీకి కలపడమే సరైన మందు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. నెగటివ్ టెర్మినల్‌పై కరెంటు కొలిచే సెన్సర్ ఉన్న కొత్త కార్లలో మాత్రం నల్ల తీగను కంపెనీ చూపిన ఎర్త్ బోల్టుకే బిగించాలి. యాంటెన్నా దారిన వచ్చేదానికి రెసిస్టర్ ఉన్న స్పార్క్ ప్లగ్గులు వాడాలి, యాంటెన్నా అడుగున రంగు గీకి గట్టి ఎర్త్ ఇవ్వాలి. బానెట్‌ను బాడీకి రాగి జడపట్టీతో కలపాలి, ఎందుకంటే కీళ్ల దగ్గరి రంగు, తుప్పు వల్ల ఆ రేకు విడిపోయి తనే ఒక యాంటెన్నా అవుతుంది.