ఏ అర్థమైనా చెల్లుతుందా? మిద్రాష్ మీద ఉన్న అతి పెద్ద అపోహ

నిన్న మళ్ళీ ఒక విద్యార్థిని ఇంటర్వ్యూ ట్రాన్‌స్క్రిప్టుల కట్టతో వచ్చింది. ఒక్కో మాటకి అర్థాన్నిబట్టి పెట్టే పేరే కోడ్. తను వేసిన కోడ్‌కీ తోటి రీసెర్చర్ వేసిన కోడ్‌కీ పొంతన లేదు, కప్పా (ఇద్దరి కోడ్‌లు ఎంత కలిశాయో చెప్పే లెక్క) పడిపోయిందని ఒకటే టెన్షన్. ఎవరో "మిద్రాష్, అంటే యూదులు తమ గ్రంథానికి చేసే వ్యాఖ్యాన పద్ధతి, అని రాసెయ్, అందులో ఏ అర్థమైనా చెల్లుతుంది" అన్నారట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

చెల్లదమ్మా. బైబిల్ ఆదికాండం 4:8 హీబ్రూలో చూడండి. అన్న కయీను తమ్ముడు హేబెలుతో "అన్నాడు" అని ఉంటుంది, ఏమన్నాడో ఉండదు, వెంటనే పొలంలో హత్య. ఆ ఖాళీ దగ్గరే ఆదికాండం మీది మిద్రాష్ గ్రంథం బెరేషిత్ రబ్బా ఆగుతుంది. అన్నదమ్ముల గొడవ ఆస్తి పంపకం మీదని ఒక పండితుడంటారు: నువ్వు నిలబడ్డ నేల నాది, ఎగిరిపో అని ఒకడు, నీ ఒంటిమీది బట్ట నాది, విప్పు అని ఇంకొకడు. కాదు, ఆలయం ఎవరి నేలలో కట్టాలన్న గొడవ అని మరొకరు. ఆలయం ఊరికే రాలేదు, సీయోను (ఆలయం ఉన్న కొండ) పొలంలా దున్నబడుతుందన్న మీకా ప్రవక్త మాట పట్టుకుని "పొలం" దగ్గర్నుంచి లాగారు. రెండూ పక్కపక్కనే నిలిచాయి, కానీ రెండింటికీ మూలంలో ఆధారం చూపించారు. వచనం తన పెషాత్‌ని, అంటే నేరు అర్థాన్ని, వదిలిపోదని యూదు పండితుల చర్చల గ్రంథం తల్ముదే చెబుతుంది.

ఇంటర్వ్యూలకీ ఇదే వర్తిస్తుంది. నా మొదటి స్టడీలో ఒకావిడ "ఆ రోజు ఆయన వచ్చి..." అని ఆగి మంచినీళ్ళు తాగింది. నేను "భయం" అని కోడ్ వేసేశాను. నాతో హవ్రుతా (ఇద్దరూ కలిసి చదువుతూ వాదించుకోవడం) కూర్చున్న స్నేహితురాలు "భయం ఏ లైన్లో ఉందే?" అంది. ఏ లైన్లోనూ లేదు. వెనక్కి వెళ్తే రెండు పేజీల ముందు కొడుకు చదువు ఆగిపోయిన సంగతి చెబుతూ కూడా ఆవిడ సరిగ్గా అలాగే ఆగింది. అప్పుడు దిగులు అనే రెండో పఠనం వచ్చింది, దానికి లైన్ నంబర్లు ఉన్నాయి. నా భయానికి లేవు, కొట్టేశాను.

కాబట్టి కప్పా తగ్గిందని మిద్రాష్ చాటున దాక్కోవద్దు, వైవాలో దొరికిపోతారు. ఒకే కోడ్‌బుక్ (ఇద్దరూ వాడే కోడ్‌ల జాబితా) అని మొదలుపెడితే దాన్నే సరిచేసుకోండి. బహుళ పఠనం (ఒకే మాటకి పలు అర్థాలు) కావాలంటే ముందే మెథడ్‌లో రాయండి. ఇద్దరికీ తేడా వచ్చిందంటే మీరు ఫెయిలైనట్టు మాత్రం కాదు, దయచేసి నిద్ర మానుకోకండి.

మిగతావి చకచకా. యూదులే చెయ్యాలా? అక్కర్లేదు. కబాలానా, అంటే యూదుల మార్మిక సంప్రదాయమా? కాదు. ఫ్రాయిడ్ చెప్పిందేనా? 1891లో తండ్రి ఆయనకి హీబ్రూ అంకితంతో బైబిల్ ఇచ్చిన మాట నిజమే, అంతమాత్రాన సైకోఎనాలిసిస్ మిద్రాష్ అయిపోదు.

తేలని ప్రశ్న దగ్గర తల్ముద్ "తేకు" అని వదిలేస్తుంది, అంటే అలాగే నిలవనీ అని. నిన్న మూడు గంటలు కూర్చున్నాక కూడా పద్నాలుగో పేజీలో ఒక వాక్యం తేలలేదు. ఆ అమ్మాయి పక్కన పెన్సిల్‌తో తేకు అని రాసుకుంది.