పిల్లవాణ్ణి ఒకసారి కింద కూర్చోబెట్టి లెమ్మనండి

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లల నడకలో తేడా కనిపిస్తే ముందుగా వినిపించే మాట ఫ్లోరైడ్ నీళ్లు. ఆ అనుమానం అనుభవం నేర్పిందే. కానీ ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువగా ఎముకల మీద పడుతుంది; కాళ్లు వంకర పోతాయి, కీళ్లు బిగుసుకుంటాయి. కండరంలో సత్తువ తగ్గడం వేరే జబ్బు.

నాలుగైదేళ్ల పిల్లవాడు నేల మీంచి గబుక్కున లేవాలి. తుంటి, తొడ కండరాలు బలహీనమైతే ముందు బోర్లా తిరుగుతాడు, చేతులు నేలకానిస్తాడు, ఆపై మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ పైకి లేస్తాడు. 19వ శతాబ్దపు బ్రిటిష్ వైద్యుడు విలియం గోవర్స్ పేరుతో దీన్ని గోవర్స్ సైన్ అంటారు. మునివేళ్ల నడక, మాటిమాటికీ పడిపోవడం తోడైతే, అదీ మగపిల్లల్లో, డుషెన్ కండర క్షీణతను అనుమానించాలి. ఇందులో పిక్కలు లావెక్కుతాయి. "పిలగాడు గట్టిగున్నడు" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, కాలం గడిచిపోతుంది.

మొదట చేయించాల్సింది సీపీకే అనే కండరాల ఎంజైమును కొలిచే రక్తపరీక్ష. డుషెన్‌లో కండరాల పొర చిట్లి ఈ ఎంజైము రక్తంలోకి కారుతుంది, మామూలుకన్నా పదుల రెట్లు పెరుగుతుంది. కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీపీటీ అనే ఎంజైము కూడా కండరంలో ఉంటుంది కనుక అదీ పెరుగుతుంది. ఆ ఒక్క రిపోర్టు చూసి కాలేయ జబ్బనుకుని పసిరికల పసరు పోయించడం నన్ను బాధపెట్టే సంగతి. 18 నెలలు నిండినా నడవని మగపిల్లవాడికి సీపీకే చేయించమని మీరే అడగండి.

చంటిబిడ్డల లెక్క వేరు. నాలుగు నెలలకూ మెడ నిలవక, ఎత్తుకుంటే తడిబట్టలా జారిపోతూ, కళ్లు మాత్రం చురుగ్గా మనల్ని వెంటాడుతుంటే, నాలుక సన్నగా వణుకుతుంటే వెన్నుపాము నరాల జబ్బు ఎస్‌ఎంఏ కావచ్చు. ఇందులో సీపీకే మామూలుగానే ఉండొచ్చు, తేల్చేది జన్యుపరీక్ష. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యులోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ, కానీ బయటి సంబంధాల్లోనూ వస్తుంది. డుషెన్‌కు మాత్రం మేనరికంతో పని లేదు.

నిన్నటిదాకా ఆడిన బిడ్డ కాళ్లు ఇవాళ చచ్చుబడితే అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. గిలాన్ బారే అనే నరాల జబ్బయితే బలహీనత ఊపిరి కండరాలదాకా పాకొచ్చు. పోలియో కాదని తేల్చుకోవడానికి 15 ఏళ్లలోపువాళ్లకు 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు, కాళ్లు చచ్చుబడిన 14 రోజుల్లోపు తీస్తారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు లేకున్నా ఈ నిఘా ఆపలేదు. సిబ్బంది అడిగితే నమూనా ఇవ్వండి.