కూలర్, మగ్గం, మైక్

మే నెలలో రాత్రి పది దాటినా నల్లగొండ ఇళ్లలో గోడలు వేడి వదలవు. కూలర్ లేకుండా గదిలో కూర్చోలేం. ఆ కూలర్ ముందే కూర్చుని, ఫోన్‌లో నలుగురు జట్టుగా స్క్వాడ్ కట్టి ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడే పిల్లలు ఇప్పుడు ప్రతి బజారులో ఉన్నారు. ఒకడు మిర్యాలగూడ, ఒకడు దేవరకొండ, ఇంకొకడు పాలమూరు. మ్యాచ్ మొదలైన నిమిషానికి ఎవడో ఒకడు అరుస్తాడు: "కూలరన్న బంద్ చెయ్, మైకన్న బంద్ చెయ్!" అవతలివాడి జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "నాకైతే ఏం చప్పుడు వస్తలేదు రా."

వాడు అబద్ధం చెప్పడం లేదు. ఎడతెగకుండా ఒకేలా వచ్చే చప్పుడును మన మెదడు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పైగా మనకు రెండు చెవులు. శబ్దం ఒక చెవికి కాస్త ముందు, రెండో చెవికి కాస్త వెనక చేరుతుంది. అలాంటి తేడాలతోనే ఏది ఎటు నుంచి వస్తోందో పసిగట్టి, కావలసిన మాట మీద మనసు పెడతాం. పదిమంది ఒకేసారి మాట్లాడుతున్న చోట ఒక్కరి మాట ఎలా వినగలుగుతున్నామన్న ప్రశ్నపై కొలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1953లోనే ప్రయోగాలు చేశాడు. ఇయర్‌ఫోన్ తీగకు వేలాడే మైక్‌కు ఈ తెలివేమీ లేదు. గాలి ఒత్తిడి ఎంత మారిందో సెకనుకు వేలసార్లు కొలిచి అంకె రాయడమే దాని పని. ఆ అంకెలో గొంతు ఎంత, కూలర్ ఎంత అన్న వివరం ఉండదు. పాలల్లో కలిపిన నీళ్లే ఇక.

అక్కడి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేసినా అది ఊహే. నాయిస్ తీసేస్తామని చెప్పే ప్రతి సెట్టింగూ, ఇది గొంతు అయి ఉంటుంది, అది చప్పుడు అయి ఉంటుంది అని అంచనా వేస్తుంది. అంచనా తప్పినప్పుడల్లా దెబ్బ మన మాటకే.

అందుకని ఊహ అక్కర్లేని పనితో మొదలుపెట్టడం మంచిది. ఒళ్లో పెట్టుకున్న ఫోన్ మైక్ నోటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. దాని బదులు తీగ మైక్‌ను 5 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే దూరం మూడుసార్లు సగమైనట్టు. సగమైన ప్రతిసారీ గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మొత్తం 18. శక్తి లెక్కలో ఇది 64 రెట్లు. రెండు మీటర్ల అవతల ఉన్న కూలర్ చప్పుడు మాత్రం మైక్‌కు ఇంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఒక్క పైసా ఖర్చు లేని ఈ పని చేశాక, చాలామందికి మిగతా సెట్టింగుల జోలికి వెళ్లే అవసరమే ఉండదని నా అభిప్రాయం. మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా దవడ పక్కన పెట్టుకుంటే ఊపిరి నేరుగా తగలదు. కింద తాండూరు బండలు, పైన స్లాబు, చుట్టూ బోసి గోడలు ఉన్న గదుల్లో మాట మళ్లీ మళ్లీ మోగుతుంది. మంచం మీద నాలుగు బొంతలుంటే ఆ మోత కొంత తగ్గుతుంది. కూలర్ గుయ్‌మనే మంద్రస్వరాన్ని మాత్రం బొంతలు పెద్దగా ఆపలేవు.

స్క్వాడ్‌లో నలుగురూ కూలర్ల ముందే ఉండి మైకులు తెరిచి పెడితే, ఒక్కొక్కరి చెవిలో అవతలి మూడు కూలర్లు మోగుతాయి. శక్తి మూడింతలు, అంటే దాదాపు 5 డెసిబెల్స్ అదనం. దాని కింద మునిగిపోయేది శత్రువు అడుగుల చప్పుడు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. అన్నిటికంటే మొరటు ఉపాయం నాయిస్ గేట్. శబ్దం ఒక హద్దు దాటితేనే తలుపు తెరుస్తుంది. మనం మాట్లాడనప్పుడు కూలర్ వెళ్లదు. మాట్లాడినప్పుడు గొంతుతో పాటు అదీ వెళ్తుంది. తలుపు తెరవడం కాస్త ఆలస్యమైతే మాటలో మొదటి అక్షరం తెగుతుంది. 'కింద ఉన్నడు' అన్నది 'ఇంద ఉన్నడు' అయ్యేసరికి ప్రాణం పోతుంది, ఆటలోనే అనుకోండి. బటన్ నొక్కి మాట్లాడే పుష్ టు టాక్‌లో ఊహ లేదు కానీ, నాలుగు వేళ్లతో ఆడేవాడికి ఐదో వేలు ఎక్కడిది?

1979లో స్టీవెన్ బోల్ అనే ఇంజనీరు ప్రచురించిన పద్ధతి ఇంకాస్త నాజూకైనది. శబ్దాన్ని పౌనఃపున్యాలుగా, అంటే మంద్రం నుంచి కీచు దాకా వేర్వేరు స్థాయిలుగా విడగొట్టాలి. మనిషి మాట ఆపిన సందుల్లో మిగిలేది చప్పుడే కాబట్టి, ఏ పౌనఃపున్యంలో అది ఎంత ఉందో అప్పుడు కొలిచిపెట్టుకోవాలి. మాట మొదలయ్యాక అంత మేరకు తీసివేయాలి. కూలర్‌కు, సీలింగ్ ఫ్యాన్‌కు, మిర్యాలగూడ రైస్ మిల్లు హోరుకు ఇది బాగానే పనిచేస్తుంది. అవన్నీ ఇప్పుడెలా ఉన్నాయో అర సెకను తర్వాతా అలాగే ఉంటాయి. తీసివేత సరిగ్గా కుదరని చోట్ల మాత్రం పిట్టలు కూసినట్టు కిచకిచ మిగులుతుంది.

ఉమ్మడి నల్లగొండలోని పుట్టపాకలోనో పోచంపల్లిలోనో మగ్గం నేస్తున్న ఇంట్లో కూర్చుని ఆడితే ఈ లెక్క తలకిందులవుతుంది. నాడె అటూ ఇటూ కొట్టుకునే ప్రతి దెబ్బా క్షణంలో పుట్టి క్షణంలో పోతుంది. ముందు కొలిచిపెట్టుకోవడానికి అక్కడ నిలకడగా ఏమీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు, ట, ప, క లాంటి హల్లులు కూడా అలాంటి చిన్న దెబ్బలే. నాలుకో పెదవులో ఒక్కసారి విడిపోతే పుట్టే పేలుడు అది. మగ్గం దెబ్బను గట్టిగా అణచబోతే దాని పక్కనే ఉన్న 'ట' కూడా నలుగుతుంది.

ఈ పనికి న్యూరల్ నెట్‌వర్కులు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములు వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది. 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో జాన్ మార్క్ వాలిన్ విడుదల చేసిన ఆర్ఎన్‌నాయిస్ ఇందుకు మంచి ఉదాహరణ. శుభ్రమైన మాటలను రకరకాల చప్పుళ్లతో కలిపి నెట్‌వర్క్‌కు వినిపించి, మాటను వెనక్కి రాబట్టడం నేర్పిస్తారు. అది శబ్దాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని, 22 పౌనఃపున్య పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీని ఎంత తగ్గించాలో చెబుతుంది. 2020లో ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ కూడా క్రిస్ప్ అనే సంస్థ సాంకేతికతతో ఇలాంటి సదుపాయం పెట్టింది. కుక్క అరుపు, కుక్కర్ విజిల్ చాలావరకు పోతాయి. టీవీ సీరియల్‌లో అత్తగారి కేకలు పోవు, తలుపు దగ్గర నిలబడి అన్నానికి పిలిచే అమ్మ గొంతు పోదు. అవీ మనిషి మాటలే కదా, నెట్‌వర్క్ దృష్టిలో అవి చప్పుడు కావు.

అసలు గందరగోళం వీటిని ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు. ఇయర్‌బడ్స్ తమ వంతుగా కొంత తీసేస్తాయి. ఫోన్ ఇంకొంత తీస్తుంది. ఆటలోని సెట్టింగో, పక్కన నడిచే చాటింగ్ యాపో మూడోసారి తీస్తుంది. రెండోదానికి అందేది మనిషి గొంతు కాదు, మొదటిది కొరికి వదిలిన గొంతు. అది మాటలా లేదనిపిస్తే ఇంకాస్త కోస్తుంది. స్నేహితులు "నీళ్లలకెళ్లి మాట్లాడుతున్నవా" అని అడిగారంటే చాలాసార్లు కారణం ఇదే. మూడింట్లో ఒక్కటి ఉంచి మిగతావి ఆపేయాలి. దుకాణంలో 'నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది' అని అమ్మే ఏఎన్‌సీ ఈ లెక్కలోకి రాదు. అది బయటి చప్పుడును మీ చెవికి తగ్గిస్తుందే తప్ప, మీ కూలర్‌ను అవతలివాళ్లకు తగ్గించదు.

బ్లూటూత్‌తో మరో తంటా. సాధారణ బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైక్ వాడటం మొదలుపెట్టగానే కనెక్షన్ ఫోన్ కాల్ పద్ధతికి మారుతుంది, సెకనుకు 8,000 లేదా 16,000 కొలతలకు పడిపోతుంది. కొలతల సంఖ్యలో సగం పౌనఃపున్యం దాకానే శబ్దం పట్టుబడుతుంది కాబట్టి, 8,000 కొలతలంటే 4,000 హెర్ట్జ్‌ పైన ఏమీ వెళ్లదు. 'స' బలం ఎక్కువగా ఆ పైనే. చెవికి వచ్చే ఆట శబ్దం కూడా కుడి ఎడమల తేడా పోయి ఒకటే అవుతుంది.

చివరగా ఆడేవాడి అరుపు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు ఎటియెన్ లోంబార్డ్ 1911లో వివరించాడు. చెవులు మూసేసి ఆట చప్పుడు మోగించే ఇయర్‌బడ్స్‌తోనూ అలాగే అరుస్తాం, మన గొంతు మనకే సరిగ్గా వినిపించదు కాబట్టి. అరుపు మైక్ రాయగలిగే అతిపెద్ద అంకెను దాటితే తరంగం కొన తెగిపోతుంది, తెగిన కొనను మళ్లీ ఉన్నదున్నట్టు తెచ్చే ఫిల్టర్ లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు మన గొంతును కొద్దిగా మన చెవికే వినిపించేవి, దాంతో అరవాలనిపించేది కాదు. కొన్ని గేమింగ్ హెడ్‌సెట్లలో సైడ్‌టోన్ పేరుతో ఆ ఏర్పాటు ఇప్పుడూ ఉంది. అది లేనివాళ్లు ఒక చెవిలోది తీసేసి ఆడతారు. అరుపు తగ్గుతుంది కానీ, అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో తెలియకుండా పోతుంది.